వీశాన్ క్లస్టర్‌లో హోస్ట్ కనెక్షన్ తెగిపోతే కారణాన్ని ఎలా కనిపెట్టాలి?

హోస్టులను ఒకే చోటి నుంచి నిర్వహించే వీసెంటర్ తెరపై ఒక హోస్ట్ (వర్చువల్ మెషీన్లను నడిపే సర్వర్) 'నాట్ రెస్పాండింగ్' అని కనిపించగానే దానిని రీబూట్ చేయాలనిపించడం సహజమే గాని, వీశాన్ క్లస్టర్‌లో, అంటే హోస్టుల సొంత డిస్కులన్నిటినీ కలిపి ఉమ్మడి స్టోరేజీగా వాడే వీఎంవేర్ సర్వర్ల గుంపులో, ఆ తొందర పనికిరాదు. ఇక్కడ హోస్ట్ వర్చువల్ మెషీన్లను నడపడంతో పాటు వాటి డేటాలో కొంత భాగాన్ని తన డిస్కుల్లో దాచుకుంటుంది. ఒక్క వైఫల్యాన్ని మాత్రమే తట్టుకునేలా అమర్చిన ఆబ్జెక్టుకు (వర్చువల్ డిస్కు వంటి డేటా మూటకు) వేరొక హోస్ట్‌లో ఉన్న నకలు అప్పటికే అందుబాటులో లేకపోతే, ఈ హోస్ట్‌ను కూడా ఆపిన క్షణంలో ఆ డేటా ఎవరికీ అందకుండా పోతుంది. అందువల్ల ముందుగా తేల్చుకోవలసినది తెగినది ఏ దారి అన్న విషయమే.

దారులు రెండు. వీసెంటర్ హోస్ట్‌తో మాట్లాడేది మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ మీద. హోస్ట్ 10 సెకన్లకు ఒకసారి యూడీపీ 902 పోర్ట్ ద్వారా హార్ట్‌బీట్ (తాను పనిచేస్తున్నానని చెప్పే చిన్న సంకేతం) పంపుతుంది. అవి 60 సెకన్ల పాటు అందకపోతే వీసెంటర్ ఆ హోస్ట్ స్పందించడం లేదని ప్రకటిస్తుంది. హోస్టులు తమలో తాము డేటాను పంచుకునే వీశాన్ నెట్‌వర్క్ వేరు, దానికి వీసెంటర్‌తో పని లేదు. కాబట్టి తెర మీద ఎర్ర గుర్తు ఉన్నా స్టోరేజీ నిక్షేపంగా నడుస్తూ ఉండవచ్చు, తెర అంతా పచ్చగా ఉన్నా స్టోరేజీ దారి చీలిపోయి ఉండవచ్చు.

మొదటి మెట్టు: సభ్యుల సంఖ్య చూడండి

సమస్య ఉన్న హోస్ట్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా గాని, అది కుదరకపోతే కన్సోల్ నుంచి గాని ప్రవేశించి 'ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ వీశాన్ క్లస్టర్ గెట్' ఆదేశం ఇవ్వండి. అందులో సబ్ క్లస్టర్ మెంబర్ కౌంట్ అనే వరుస ముఖ్యం. ఆరు హోస్టుల క్లస్టర్‌లో అది 6 అని చూపితే స్టోరేజీ నెట్‌వర్క్ బాగానే ఉందని, వెదకవలసినది మేనేజ్‌మెంట్ వైపేనని తెలుస్తుంది. ఇదే ఆదేశాన్ని మరొక హోస్ట్‌లో కూడా తప్పక ఇవ్వాలి. ఇక్కడ 1, అక్కడ 5 అని వస్తే ఈ హోస్ట్ ఒంటరిదైందని అర్థం. రెండు వైపులా 3 అని వస్తే హోస్టుల కంటే ముందుగా వాటి నడుమ ఉన్న స్విచ్‌లను, స్విచ్‌ల మధ్య లింకులను అనుమానించాలి.

మేనేజ్‌మెంట్ దారి తెగితే

హోస్ట్ నుంచి వీసెంటర్‌కు పింగ్ వెళుతున్నదా, డీఎన్ఎస్ పేరు సరైన ఐపీ చిరునామాను ఇస్తున్నదా, 443, 902 పోర్టులను మధ్యలో ఏదైనా ఫైర్‌వాల్ ఆపుతున్నదా అని వరుసగా చూడండి. ఇవన్నీ సవ్యంగా ఉంటే హోస్ట్‌ను నిర్వహించే హోస్ట్‌డీ, వీసెంటర్‌తో మాట్లాడే వీపీఎక్స్ఏ సేవలను విడివిడిగా రీస్టార్ట్ చేయండి. దీనివల్ల నడుస్తున్న వర్చువల్ మెషీన్లు ఆగవు. అన్ని సేవలనూ ఒకేసారి తిరిగి మొదలుపెట్టే 'సర్వీసెస్ డాట్ ఎస్‌హెచ్' స్క్రిప్టు జోలికి, ముఖ్యంగా ఎల్ఏసీపీ (పలు నెట్‌వర్క్ లింకులను ఒకటిగా కలిపే పద్ధతి) వాడుతున్న చోట, వెళ్లకండి.

స్టోరేజీ దారి తెగితే

ఇక్కడ కింది నుంచి పైకి రావాలి. 'ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ నెట్‌వర్క్ నిక్ లిస్ట్' ఆదేశంతో అడాప్టర్ల లింక్ పైకి ఉందో లేదో, వేగం అనుకున్నంత ఉందో లేదో చూసి, స్విచ్ పోర్టుకు సరైన వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ విభాగం) అందుతున్నదని నిర్ధారించుకోండి. తరువాత 'ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ వీశాన్ నెట్‌వర్క్ లిస్ట్' అడగండి. జవాబు ఖాళీగా వస్తే ఏ వీఎంకెర్నెల్ అడాప్టర్‌కూ (హోస్ట్ తన సొంత ట్రాఫిక్‌కు వాడుకునే వర్చువల్ నెట్‌వర్క్ అడాప్టర్) వీశాన్ ట్రాఫిక్‌ను కేటాయించలేదన్న మాట.

అసలు చిక్కు ఎక్కువగా ఉండేది ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పంపగల గరిష్ఠ పరిమాణం దగ్గర. జంబో ఫ్రేములు (మామూలు 1500 బైట్ల కంటే పెద్ద ప్యాకెట్లు) వాడే క్లస్టర్‌లో అడాప్టర్ మీద, వర్చువల్ స్విచ్ మీద 9000 పెట్టి, దారిలోని ఏదో ఒక భౌతిక స్విచ్‌ను 1500 దగ్గరే వదిలేస్తే, మామూలు పింగ్ హాయిగా వెళుతుంది, చిన్న సందేశాలైన హార్ట్‌బీట్‌లూ వెళతాయి, పెద్ద డేటా ప్యాకెట్లు మాత్రం దారిలోనే రాలిపోతాయి. అప్పుడు హోస్ట్ క్లస్టర్‌లో ఉన్నట్టే కనిపిస్తూ వర్చువల్ మెషీన్లను నత్తనడక నడిపిస్తుంది కనుక లోపం డిస్కులో ఉందని పొరబడే వీలుంది. దీనిని పట్టుకోవడానికి వీఎంకెర్నెల్ అడాప్టర్ నుంచి పింగ్ పంపే వీఎంకేపింగ్ ఆదేశంలో వీశాన్ అడాప్టర్ పేరును స్పష్టంగా ఇచ్చి, ప్యాకెట్‌ను ముక్కలు చేయవద్దనే ఎంపికతో, పరిమాణం 8972గా పంపండి. ఐపీ హెడర్‌కు 20, ఐసీఎంపీ హెడర్‌కు 8 బైట్లు కలిస్తే సరిగ్గా 9000 అవుతుంది. చిన్న పింగ్ వెళ్లి ఇది వెళ్లకపోతే దోషం ఎంటీయూదే. ప్రతి హోస్ట్ నుంచి మిగిలిన హోస్టులన్నిటికీ, రెండు దిశల్లోనూ ఈ పరీక్ష చేయాలి.

పింగ్ అన్ని పరిమాణాల్లోనూ వెళుతున్నా హోస్ట్ క్లస్టర్‌లో చేరకపోతే, టీసీపీ 2233, యూడీపీ 12321 పోర్టులు తెరిచి ఉన్నాయేమో చూసి, ఆ పైన 'ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ వీశాన్ క్లస్టర్ యూనికాస్ట్ఏజెంట్ లిస్ట్' తీయండి. వీశాన్ 6.6 నుంచి మల్టీకాస్ట్ (గుంపు మొత్తానికి ఒకేసారి పంపడం) స్థానంలో యూనికాస్ట్ (ఒక్కొక్క చిరునామాకు విడిగా పంపడం) వచ్చింది కనుక, ప్రతి హోస్ట్ దగ్గరా తాను తప్ప మిగిలిన సభ్యులందరి చిరునామాలూ ఉండాలి. హోస్ట్‌ను ఒక క్లస్టర్ నుంచి మరొక క్లస్టర్‌కు మార్చినప్పుడు, వీసెంటర్‌ను కొత్తగా అమర్చినప్పుడు ఈ జాబితా పాతబడి ఉండే అవకాశం ఉంది. జాబితా మార్పులను పట్టించుకోవద్దని చెప్పే అడ్వాన్స్‌డ్ సెట్టింగును నిర్వహణ పనుల కోసం 1కి మార్చి ఉంటే, పని అయ్యాక దానిని తిరిగి 0కి తేవాలి.

ఇదంతా చేసేటప్పుడు గడియారం మీద ఒక కన్ను ఉండాలి. ఆచూకీ లేని భాగాల కోసం వీశాన్ మామూలుగా 60 నిమిషాలు ఎదురుచూసి, ఆ తరువాత వాటిని మిగిలిన హోస్టులలో తిరిగి నిర్మించడం మొదలుపెడుతుంది. మరమ్మతు ఇంకొక అరగంటలో పూర్తవుతుందని తెలిసినప్పుడు ఈ నిరీక్షణ గడువైన ఆబ్జెక్ట్ రిపేర్ టైమర్‌ను పెంచుకుంటే అనవసరమైన ఆ కాపీ భారం తప్పుతుంది.

హోస్ట్ తిరిగి చేరాక అన్ని హోస్టులలోనూ సభ్యుల సంఖ్య ఒకటేనని చూసి, హెల్త్ పరీక్షలను మళ్లీ నడపండి. రీసింక్ కావలసిన (నకళ్లు తిరిగి సమం కావలసిన) ఆబ్జెక్టుల లెక్క సున్నాకు చేరే వరకు వేరే హోస్ట్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టకండి.