మొక్కల సారాన్ని రొమ్ము క్యాన్సర్ కణాలపై పరీక్షించే ముందు

• మొక్క ఏదో వృక్షశాస్త్రం తెలిసినవారితో ఖాయం చేయించుకోండి. ఎండబెట్టిన నమూనా ఒకటి దాచండి.

• కణాలకు మైకోప్లాస్మా (పెంచే కణాల్లో చేరిపోయే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష తప్పనిసరి. మామూలు మైక్రోస్కోప్‌లో అది కనిపించదు.

• ల్యాబ్‌లో పెంచే రొమ్ము క్యాన్సర్ కణాల రకం ఎంసీఎఫ్-7 ఒక్కటే చాలదు. ఈస్ట్రోజెన్ గ్రాహకాలు లేని ఎండీఏ-ఎంబీ-231, క్యాన్సర్ కాని ఎంసీఎఫ్-10ఏ కూడా పెట్టండి. మామూలు కణాలనూ చంపేస్తే అది మందెలా అవుతుంది?

• సారాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ 0.5 శాతం దాటనివ్వొద్దు. సారం వేయని కంట్రోల్ వెల్స్‌లోనూ (వెల్స్ అంటే కణాలు పెంచే ప్లేటులోని గుంటలు) అంతే ఉండాలి.

• ఎంటీటీ పరీక్షా (బతికున్న కణాలు ఎంటీటీ అనే రంగు పదార్థాన్ని ఊదారంగుకు మారుస్తాయి; ఆ రంగును బట్టి వాటి లెక్క)? చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సారంలోని పాలీఫినాల్స్ అనే మొక్కల రసాయనాలు కణాలతో పనిలేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మార్చగలవు. చచ్చిన కణాలు బతికున్నట్టు లెక్క వస్తుంది. అందుకే కణాల్లేని వెల్స్‌లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి ముందే చూసుకోండి.

• పోలికకు వాడే క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్ విషపూరితం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.