ట్రక్కు వెనక హోయిస్ట్‌తో జింకను వేలాడదీసి శుభ్రం చేయడం: ఎత్తడం సులువే, దించేటప్పుడే చూసుకోవాలి

జింకను నేల మీద పడుకోబెట్టి పొట్ట తీసినవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మోకాళ్లు బురదలో, నడుం వంగిపోయి, ఒక చేత్తో వెనక కాలు పక్కకి నెట్టి పట్టుకుని ఇంకో చేత్తో కత్తి, అప్పటికే చీకటి పడిపోయి నోట్లో టార్చి. మాంసానికి ఆకులూ వెంట్రుకలూ అంటుకుంటాయి, ఆ తర్వాత 150 పౌండ్ల బరువును ఒక్కరే ట్రక్కులోకి ఎక్కించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఈ బాధ తప్పించేదే హిచ్ హోయిస్ట్, అంటే ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే రిసీవర్‌లో దూర్చి నిలబెట్టే చిన్న క్రేన్ లాంటిది.

ముందే ఒక మాట. ఇదంతా అమెరికాలో హంటింగ్ లైసెన్సు, ట్యాగు (వేటాడిన జింకకి తగిలించే అనుమతి చీటీ) ఉండి సీజన్‌లో వేటకి వెళ్లేవాళ్ల కోసం. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం కాబట్టి అక్కడ ఈ సామానుతో పని లేదు. ఇక్కడ కూడా రూల్స్ రాష్ట్రానికో రకం. టెక్సస్‌నే తీసుకుంటే 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి.

సామాను చూస్తే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రిసీవర్‌లోకి వెళ్లే చదరపు గొట్టం, దాని మీద నిలువు స్తంభం, పైన ముందుకు చాచిన చేయి, చేయి చివర గిలక, స్తంభానికి చేత్తో తిప్పే వించ్, తాడు చివర గాంబ్రెల్. గాంబ్రెల్ అంటే జింక వెనక కాళ్లు రెండూ ఎడంగా పట్టుకునే ఇనప కమ్మీ. కొంచెం మంచి రకాల్లో స్తంభం చుట్టూ తిరుగుతుంది, దాంతో నేల మీంచి ఎత్తిన జింకను అలాగే తిప్పి ట్రక్కులోకి దించొచ్చు. కొనేటప్పుడు నేను మొదట చూసేది ఈ తిరిగే గుణమే, అది లేకపోతే ఎక్కించడానికి మళ్లీ మన నడుమే దిక్కు.

హోయిస్ట్ మీద 300 అనో 500 అనో పౌండ్ల అంకె ఉంటుంది, అందరూ అది చూసి కొనేస్తారు. నిజానికి మీ హిచ్, అంటే ఆ రిసీవర్ ఉండే ఇనప చట్రం, అంత మోస్తుందా అన్నది చూసుకోవాలి. హిచ్ మీద అంటించిన స్టిక్కర్‌లో టంగ్ వెయిట్ అని ఉంటుంది చూడండి, అది ట్రెయిలర్ బాల్ మీద నిలువుగా కూర్చునే బరువుకి ఇచ్చిన లెక్క, ఆ బాల్ మామూలుగా రిసీవర్‌కి సుమారు అడుగు దూరంలోనే ఉంటుంది. జింక వేలాడేది మూడు అడుగుల దూరంలో అనుకుంటే హిచ్‌ని మెలితిప్పే బలం దాదాపు మూడు రెట్లు పడుతుంది. కారుకి ఉండే ఒకటింపావు అంగుళాల చిన్న రిసీవర్‌కి అడాప్టర్ పెట్టి పెద్ద మగజింకను ఎత్తే సాహసం నేనైతే చేయను. 2 అంగుళాల రిసీవర్, దానికి సరిపోయే 5/8 అంగుళాల పిన్ను, పిన్ను జారకుండా క్లిప్పు, ఇవి ఉండాల్సిందే. స్తంభం కింద నేలకి ఆనే కాలు ఉన్న హోయిస్ట్ అయితే సగం టెన్షన్ తగ్గినట్టే, బరువులో చాలా భాగం నేల మీదకి పోతుంది. మెత్తటి నేలలో ఆ కాలి కింద ఒక చెక్క ముక్క వేయడం మర్చిపోవద్దు, లేదంటే జింక పైకి లేస్తుంటే కాలు మట్టిలోకి దిగిపోతూ ఉంటుంది.

వించ్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నా వేళ్లు నేర్చుకున్న పాఠం అది. చేత్తో తిప్పే వించ్‌లు రెండు రకాలు. ఒకటి పళ్ల చక్రానికి కొక్కెం పడే రాచెట్ రకం, పడవల ట్రెయిలర్లకి ఉండేలాంటిది. ఎత్తేటప్పుడు టిక్కు టిక్కుమంటూ చక్కగా ఎత్తుతుంది, దించాలంటే మాత్రం కొక్కెం ఎత్తేసి బరువంతా పిడి మీద మన చేత్తోనే ఆపాలి. మొదటి ఏడాది నేను రక్తంతో జారుతున్న గ్లవ్స్‌తోనే కొక్కెం తీశాను. పిడి చేతిలోంచి జారి గిర్రున వెనక్కి తిరిగి వేలి కణుపుల మీద టపటపా కొట్టింది, జింక ధబ్బున కింద పడింది. ఎముక విరగలేదు గానీ వారం రోజులు చెయ్యి ముడుచుకోలేకపోయాను. రెండో రకంలో లోపలే బ్రేకు ఉంటుంది, పిడి ఎక్కడ వదిలితే బరువు అక్కడే ఆగుతుంది, దించాలంటే పిడిని వెనక్కి తిప్పాలి. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇదే తీసుకోండి. రాచెట్‌దే ఉంటే కొక్కెం తీసే ముందు పొడి గ్లవ్స్ మార్చుకోండి, పిడిని అరచేత్తో గట్టిగా పట్టుకుని కొంచెం ఎత్తే వైపే తిప్పి, అప్పుడు కొక్కెం ఎత్తండి. పిడి తిరిగే దారిలో ముఖం పెట్టొద్దు.

ఇక పనిలోకి దిగుదాం. జింకకి ట్యాగు ముందు, హోయిస్ట్ తర్వాత. ట్రక్కును చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపేయండి, సైలెన్సర్ పొగ నేరుగా మాంసం మీదకే వస్తుంది మరి. వాలులో నిలిపితే తిరిగే స్తంభం బరువుతో దానంతటదే పల్లం వైపు తిరుగుతుంది, మీరు కత్తితో ఉన్నప్పుడు 150 పౌండ్లు మీ మీదకి రావడం ఏమంత బాగుండదు. స్తంభం తిరగకుండా ఆపే పిన్ను వేసే ఉంచండి. వెనక డోరు పూర్తిగా తెరిస్తే స్తంభానికి తగులుతుందేమో ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోవాలి, అడవిలో తెలుసుకుంటే లాభం లేదు.

గాంబ్రెల్ దూర్చడం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. వెనక కాలి మడమ కీలు దగ్గర వేళ్లతో తడిమితే ఎముకకీ వెనకున్న లావుపాటి నరానికీ మధ్య పల్చటి చర్మం ఒకటే ఉంటుంది, వెలుతురుకి అడ్డంగా పెడితే దాదాపు అవతల కనిపిస్తుంది. కత్తి మొనతో అక్కడ నిలువుగా చిన్న గాటు పెట్టి కమ్మీ కొస దూర్చాలి. అడ్డంగా కోస్తే నరం తెగుతుంది, అది తెగిందంటే ఆ కాలు దేనికీ ఆగదు. మగజింకలకి ఆ కీలు లోపలివైపే ముదురు రంగు వెంట్రుకల కుచ్చు ఉంటుంది, ఘాటైన కంపు కొట్టే గ్రంథి అది. దాన్ని కోసి తీసే పని పెట్టుకోవద్దు, అసలు ముట్టుకోవద్దు, పొరపాటున తగిలితే కత్తీ చెయ్యీ కడిగాకే మాంసం ముట్టుకోండి.

ఎత్తేటప్పుడు జింక సరిగ్గా గిలక కిందే ఉండాలి. పక్కన పది అడుగుల దూరంలో పడి ఉంటే వించ్‌తో ఈడ్చకండి, తాడు గిలక గాడిలోంచి తప్పుకుని అంచున నలుగుతుంది, స్తంభం పక్కకి వంగుతుంది. ముందు చేత్తో ఈడ్చుకొచ్చి అప్పుడు తగిలించండి.

తల పైకా కిందికా అని వేటగాళ్ల మధ్య ఎప్పుడూ గొడవే. తల పైకి కడితే పేగులు వాటంతటవే కిందికి జారిపోతాయి, ఆ మాట నిజమే. నేను మాత్రం వెనక కాళ్లు పైకే కడతాను, ఎందుకంటే అదే వేలాడే తీరులో తోలు కూడా ఒలిచేయొచ్చు, రెండుసార్లు కట్టక్కర్లేదు. మలద్వారం చుట్టూ కోసి వదులు చేసి దారంతో కట్టేయండి. తర్వాత తొడల మధ్య నుంచి రొమ్ము ఎముక దాకా పొట్ట చర్మం కోయాలి, రెండు వేళ్లు లోపల పెట్టి పేగుల్ని వెనక్కి నొక్కి, కత్తి పదును బయటి వైపు ఉండేలా వేళ్ల మధ్య నడపండి. పదును లోపలికి తిరిగితే జీర్ణాశయమో మూత్రాశయమో తెగుతుంది, ఆ పూటకి మీ మాంసం వాసన మీరే భరించాలి. కోస్తుంటేనే పేగులు బయటికి వేలాడతాయి, కింద ఒక టబ్బు పెట్టుకోండి. ఆ తర్వాత ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న పొరను పక్కటెముకల వెంబడి కోసి, చెయ్యి ఛాతీలోకి పోనిచ్చి గొంతుగొట్టం పట్టుకుని కోసి లాగితే గుండె, ఊపిరితిత్తులు అన్నీ వచ్చేస్తాయి. ఈ భంగిమలో రక్తం ఛాతీలో నిలబడిపోతుంది, దాన్ని కారిపోనివ్వాలి.

గ్లవ్స్ లేకుండా ఈ పని చేయొద్దు. జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని మెదడును పాడుచేసే ఒక జబ్బు ఉంది, 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో కనిపిస్తోంది. మెదడు, వెన్నుపాము కోయకుండా ఉండాలి, ఆ జబ్బున్న ప్రాంతమైతే పరీక్ష చేయించి, జబ్బు లేదని ఫలితం వచ్చాకే తినాలి. అలాంటి చోట్ల నుంచి కళేబరాన్ని బయటికి తీసుకెళ్లడానికి కూడా షరతులుంటాయి, పేగులు ఎక్కడ పడేయొచ్చో కూడా ముందే చూసుకోండి, రోడ్డు పక్కన గుట్ట పోసి రావడం ఎక్కడైనా సిగ్గుమాలిన పనే.

పొట్ట ఖాళీ అయ్యాక పక్కటెముకల మధ్య ఒక పుల్ల అడ్డం పెడితే గాలి ఆడి త్వరగా చల్లబడుతుంది. మాంసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపలికి, అంటే 4 సెల్సియస్‌కి రావాలి. వాతావరణం అంత చల్లగా లేకపోతే వేలాడదీసి కబుర్లు చెప్పుకోకుండా తోలు ఒలిచి ఐస్‌లోకి చేర్చండి.

ట్రక్కులోకి దించేటప్పుడు స్తంభం పిన్ను తీసే ముందు ఒక చెయ్యి జింక మీద ఉండాలి. వెనక డోరు అంచు తప్పేంత ఎత్తుకి మాత్రమే లేపి, నెమ్మదిగా తిప్పి, పిన్ను మళ్లీ వేసి, అప్పుడు దించండి. జింక వేలాడుతుండగా బండి ఒక్క అడుగు కూడా కదపొద్దు. ఖాళీ హోయిస్ట్‌ని కూడా రోడ్డెక్కే ముందు ఊడదీసి లోపల పడేయండి, నంబర్ ప్లేటుకీ వెనక కెమెరాకీ అడ్డమొస్తుంది.

ఇంటికొచ్చాక రక్తం కడిగి ఆరబెట్టి, తాడును వించ్ నుంచి పూర్తిగా విప్పి చూడండి. ఇనప తాడైతే ఒక పాత గుడ్డతో పట్టుకుని పొడవునా లాగండి, ఎక్కడ గుడ్డ చిక్కుకుంటే అక్కడ తీగలు తెగడం మొదలైనట్టు, ఆ తాడు మార్చేయాలి. వట్టి చేత్తో మాత్రం అలా లాగకండి, గుడ్డకి చిక్కుకునే తీగ వేలికీ గుచ్చుకుంటుంది.