ట్రే దగ్గర తడుముకోకుండా

మధురపూడి ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర ప్రతిసారీ ఇదే తంతు: పవర్ బ్యాంక్ బట్టల అడుగున, తాళాలు ఏ జేబులోనో, వెనక లైన్లో జనం గొణుగుడు. ఈసారి ఇలా చేశాను.

ఒక పారదర్శకమైన జిప్ కవర్. అందులో పవర్ బ్యాంక్, చార్జర్, వైర్లు. ఎయిర్‌పోర్టుకు కారెక్కగానే వాచీ, తాళాలు, చిల్లర కూడా అందులోనే. దాన్ని బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టాలి, పక్కనే ల్యాప్‌టాప్. ట్రే రాగానే రెండూ తీసి పెట్టేయడమే, అర నిమిషం పట్టదు. బెల్టు మాత్రం విప్పాల్సిందే, దానికి చిట్కా లేదు.

ఆత్రేయపురం పూతరేకులు అట్టపెట్టెతోనే పైభాగంలో ఉంచండి. స్కానింగ్ ఇబ్బందేం లేదు, అడుగున పెడితే పొడే మిగులుతుంది. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్ బ్యాగులోకి: మూత చుట్టూ టేపు, రెండు కవర్లు, పాత తువ్వాలు. పవర్ బ్యాంక్ అటు పోకూడదు, అది చేతి బ్యాగులోనే ఉండాలి.

అమ్మమ్మ కోనసీమ నుంచి కురిడీ కాయలు కట్టిస్తే మొహమాటపడకుండా ఇంట్లోనే వదిలేయండి. ఎండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల లెక్కలో ఉంది, ఏ బ్యాగులోనూ రానివ్వరు.

హైదరాబాద్‌లో మారి విదేశానికి వెళ్ళేవాళ్ళకు ఈ ఒక్క కవరు చాలదు. అక్కడ మళ్ళీ చెకింగ్ ఉంటుంది. షాంపూ, క్రీముల్లాంటివి 100 మిల్లీలీటర్లు దాటని డబ్బాల్లో, అన్నీ ఒక లీటరు పారదర్శక కవరులో విడిగా పెట్టుకోవాలి. సగం ఖాళీ అయిన 200 మిల్లీలీటర్ల సీసా కూడా పనికిరాదు, చూసేది సీసా సైజునే.