షేర్లు అప్పివ్వడం, 4వ పాఠం: ఫీజు ఎంత, రిస్కు ఎవరిది?

షార్ట్ సెల్లర్ అప్పు తెచ్చిన షేరును అమ్మేసి, ధర పడ్డాక కొని తిరిగిచ్చేస్తాడని గత పాఠంలో చూశాం. ఈసారి అప్పిచ్చేవాళ్ల వైపు నుంచి లెక్క వేద్దాం. ఆ షేరు చాలాసార్లు ఏదో ఒక ఇండెక్స్ ఫండ్ (ఒక సూచీలోని షేర్లు కొని ఉంచుకునే ఫండ్) నుంచే వెళ్తుంది. అమెరికాలో 401(కె) అనే ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతాలో డబ్బు దాచుకునే మనవాళ్లకు ఈ లెక్క తప్పక తెలియాలి.

కాగితం తీసుకోండి. ఫండ్ దగ్గర 50 డాలర్ల షేర్లు లక్ష ఉన్నాయి, అంటే 50 లక్షల డాలర్లు. 90 రోజులకు, ఏడాదికి 0.4 శాతం ఫీజుతో అప్పిచ్చింది అనుకుందాం. ఏడాదిని 360 రోజులుగా తీసుకుంటాం.

50,00,000 × 0.4% × 90/360 = 5,000 డాలర్లు

ఈ అప్పు కుదిర్చే ఏజెంట్ వాటా 20 శాతం అయితే ఫండ్‌కు మిగిలేది 4,000. ఈ వాటా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అమెరికా ఫండ్ సంస్థ వాన్‌గార్డ్ ఖర్చులు పోను మిగతాదంతా ఫండ్‌కే జమ చేస్తుంది. కొన్ని సంస్థలు మంచి భాగమే ఉంచుకుంటాయి. నష్టం వస్తే భరించేది మదుపరి కాబట్టి, ఆదాయంలో ఎక్కువ భాగం అతనికే రావాలని నా అభిప్రాయం.

ఇక పూచీకత్తు, అంటే షేర్లు తిరిగిస్తానని అప్పు తీసుకున్నవాడు హామీగా పెట్టేది. అమెరికా షేర్లకు వాటి విలువలో 102 శాతం తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. మన లెక్కలో 51 లక్షల డాలర్లు. ధర మారేకొద్దీ పూచీని రోజూ సరిచేస్తారు. అది ట్రెజరీ బాండ్ల (అమెరికా ప్రభుత్వ బాండ్ల) రూపంలో ఉంటే గొడవ తక్కువ. నగదైతే ఫండ్ దాన్ని వేరేచోట పెట్టి వడ్డీ సంపాదిస్తుంది, అందులో కొంత అప్పు తీసుకున్నవాడికి ఇస్తుంది, మిగిలిందే ఫీజు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ పెట్టుబడి ఒక్క శాతం నష్టపోయినా 51,000 డాలర్లు పోయినట్టే, వచ్చేదేమో నాలుగు వేలు. అవతలివాడు షేర్లు తెచ్చిచ్చిన రోజు అతని నగదు పైసాతో సహా తిరిగివ్వాల్సిందే.

అమెరికా బీమా సంస్థ ఏఐజీకి 2008లో జరిగింది ఇదే. దాని బీమా కంపెనీలు బాండ్లు అప్పిచ్చి, చేతికొచ్చిన నగదును ఇళ్ల అప్పుల ఆధారంగా తయారైన సెక్యూరిటీల్లో పెట్టాయి. అందరూ ఒకేసారి నగదు అడిగేసరికి వాటిని కొనే నాథుడు లేడు. చివరికి న్యూయార్క్ ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు న్యూయార్క్ శాఖ) వాటిని కొనిపించడానికి సుమారు 1,950 కోట్ల డాలర్లు అప్పివ్వాల్సి వచ్చింది.

డబ్బు లెక్కకు అందనిది ఓటు. షేరు అప్పు పోతే ఓటు హక్కూ దానితోపాటే పోతుంది. డివిడెండ్‌కు సరిపడా సొమ్ము మాత్రం అప్పు తీసుకున్నవాడు ఇస్తాడు. జపాన్ ప్రభుత్వ పెన్షన్ ఫండ్ 2019 డిసెంబరులో విదేశీ షేర్లు అప్పివ్వడం ఆపేసింది. చివరికి ఎవరు, ఎందుకు వాడుతున్నారో తెలియకపోవడం కూడా ఒక కారణం. దశాబ్దాలపాటు షేర్లు ఉంచుకునే ఫండ్‌కు అది సరైన నిర్ణయమేనని నేను నమ్ముతాను.

మన దేశంలో 2008 ఏప్రిల్ నుంచి నడుస్తున్న ఎస్‌ఎల్‌బీ (షేర్లు అప్పిచ్చి పుచ్చుకునే) పద్ధతిలో, లావాదేవీలు పూర్తయ్యేలా చూసే క్లియరింగ్ కార్పొరేషన్ మధ్యలో నిలబడుతుంది. పూచీ దాని దగ్గరే ఉంటుంది కాబట్టి పూచీ నగదును పెట్టుబడి పెట్టి నష్టపోయే చిక్కు అప్పిచ్చినవాడికి రాదు.

అభ్యాసం: మన షేరు ధర 50 నుంచి 60 డాలర్లకు పెరిగింది. ఫండ్ ఇంకెంత పూచీ అడగాలి? తర్వాత మీ ఫండ్ స్టేట్‌మెంట్ ఆఫ్ అడిషనల్ ఇన్ఫర్మేషన్ (ఫండ్ ఇచ్చే అదనపు వివరాల పత్రం) తెరిచి, లెండింగ్ ఆదాయంలో ఏజెంట్‌కు ఎంత శాతం పోయిందో రాసి పెట్టుకోండి. 5వ పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.