కారు ఏసీ చల్లగా లేదా? గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూడండి

చెన్నైలో మే మొదటి వారానికే కత్తిరి ఎండ మొదలవుతుంది, కారు ఏసీ కూడా సరిగ్గా అప్పుడే మొండికేస్తుంది. మెకానిక్ దగ్గరికి వెళ్తే బానెట్ ఎత్తకుండానే "గ్యాస్ కమ్మి సార్" అంటాడు. నేను ఒకే ఎండాకాలంలో రెండుసార్లు గ్యాస్ కొట్టించాను, రెండుసార్లూ వారం తిరక్కుండానే మళ్లీ వేడిగాలి. చివరికి చూస్తే పాడైంది కండెన్సర్ ఫ్యాన్ (కండెన్సర్ అంటే రేడియేటర్ ముందుండే, ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ). డబ్బు పోయిందన్నది ఒక బాధైతే, వెనక సీట్లో అమ్మ చెమటలు కక్కుతూ నెల్లూరు నుంచి వచ్చింది, అది ఇంకా బాధ.

ముందు ఒక విషయం. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, బాగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఏటా గ్యాస్ పట్టించాలన్న మాట నమ్మకండి.

చూడాల్సిన మొదటి లక్షణం, ఎప్పుడు చల్లగా ఉంటోంది, ఎప్పుడు ఉండట్లేదు అన్నది. నా కారులో గుమ్మిడిపూండి దాటి హైవే ఎక్కితే చలేసేది, తిరిగొచ్చి మాధవరం దగ్గర ట్రాఫిక్‌లో ఐదు నిమిషాలు ఆగితే ఉక్కపోత. బండి పరుగెత్తుతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. కాబట్టి హైవేలో చల్లగా, సిగ్నల్‌లో వేడిగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని, తర్వాత దుమ్ముతో మూసుకుపోయిన కండెన్సర్‌ని. అలాంటప్పుడు పైనుంచి ఇంకాస్త గ్యాస్ ఎక్కిస్తే ప్రెషర్ పెరిగి ఇంకా చెడుతుంది.

ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆన్ చేసి, బానెట్ ఎత్తి రేడియేటర్ దగ్గర ఫ్యాన్ తిరుగుతోందో లేదో రెండు మూడు నిమిషాలు చూడండి. చున్నీ, లుంగీ అంచు, చేతులు దూరంగా ఉంచండి, అది చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది. తిరగకపోతే ఇంజిన్ ఆపి ఫ్యూజ్ చూడండి. అది బాగుంటే తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్ డబ్బా. ఫ్యూజ్ బాక్స్‌లో అదే నంబరున్న ఇంకో రిలే, చాలా కార్లలో హారన్‌ది సరిపోతుంది, తీసి ఫ్యాన్ రిలే స్థానంలో పెట్టి చూడండి. తిరిగిందా, కొత్త రిలేతో పని అయిపోయినట్టే. లేదంటే మోటార్ గానీ వైరు గానీ. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎలుకలుంటే వైర్లు తప్పకుండా చూడండి. కండెన్సర్‌ని మాత్రం మామూలు గార్డెన్ పైపుతో నెమ్మదిగా కడగండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు, బీచ్‌కి దగ్గరగా ఉండేవాళ్లకి ఉప్పుగాలితో కండెన్సర్ తొందరగా తుప్పు పట్టి లీకవుతుంది, అక్కడ ఇంకొంచెం శ్రద్ధ కావాలి.

గాలే తక్కువగా వస్తోందంటే అది వేరే కథ. చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేకుండా వస్తుంది. నల్లగా ఉంటే మార్చేయండి, చెన్నైలో కారు పార్టుల బజారైన జీపీ రోడ్డులో దాదాపు అన్ని మోడళ్లకీ దొరుకుతాయి. బ్లోయర్, అంటే కారు లోపలికి గాలి తోసే ఫ్యాన్, చివరి స్పీడులో మాత్రమే పనిచేస్తూ మిగతావి రాకపోతే దాని స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది, చిన్న పార్టు, చిన్న ఖర్చు. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే ఏసీ నీళ్లు బయటికిపోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందన్నమాట.

ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కార్లలో ఇంకో తలనొప్పి ఉంది. డాష్‌బోర్డ్ వెనక టక్ టక్ అని శబ్దం వస్తూ, ఒకవైపు చల్లగా, ఇంకోవైపు వేడిగా వస్తోందంటే చల్లగాలి, వేడిగాలి కలిపే తలుపుని తిప్పే చిన్న మోటార్, అంటే యాక్చుయేటర్, పళ్లు అరిగిపోయి ఉంటాయి. గ్యాస్‌కీ దీనికీ సంబంధమే లేదు. ఉష్ణోగ్రత తనంతట తానే పిచ్చిగా మారుతుంటే డాష్‌బోర్డ్ మీది సెన్సార్ చిల్లుల్లో దుమ్ము చేరిందేమో మెత్తటి బ్రష్‌తో తుడవండి.

ఇవన్నీ బాగున్నాయి, అప్పుడు కంప్రెసర్, అంటే గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు, చూడండి. ఏసీ నొక్కగానే 'టక్' అని క్లచ్ పట్టుకుని పుల్లీ మధ్య ప్లేటు తిరగాలి (కొన్ని కొత్త కార్లలో క్లచ్ ఉండదు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు). పట్టుకోకపోతే ఫ్యూజ్, రిలే, ఆ తర్వాతే గ్యాస్, ఎందుకంటే గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. పైపుల జాయింట్ల దగ్గర జిడ్డుగా నూనె మరక, దాని మీద దుమ్ము కనిపిస్తే లీక్ అక్కడే.

గ్యాస్ పని మాత్రం ఇంట్లో చెయ్యకండి. చాలా కార్ల ఏసీల్లో ఉండే ఆర్134ఏ అనే గ్యాస్ గాల్లోకి వస్తే మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చేతికో కంటికో తగిలితే మంచుతో కాలినట్టవుతుంది. షాపుకెళ్లి, "అన్నా, ముందు లీక్ పట్టు, తర్వాత వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, బానెట్ స్టిక్కర్ మీదున్న గ్రాముల లెక్కకే నింపు" అని చెప్పండి. లీక్ మూసే మందు డబ్బాలు పోయనివ్వకండి, లోపలి సన్నటి దారుల్ని అడ్డేస్తాయి. ఎన్ని గ్రాములు నింపారో బిల్లు మీద రాయించుకోండి, ఆరు నెలలకి మళ్లీ తగ్గితే ఎంత కారిందో చెప్పే కాగితం మీ దగ్గర ఉంటుంది.