గ్రీన్ కార్డు దరఖాస్తు: ఏ ప్రభుత్వ సాయం లెక్కలోకి వస్తుంది?

అమెరికాలో పుట్టిన పాపకు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) తీసుకుంటే తమ గ్రీన్ కార్డు ఆగిపోతుందేమోనని డాక్టరు దగ్గరికే వెళ్లని తల్లిదండ్రులున్నారు. దయచేసి అలా చేయకండి.

2022 డిసెంబరు 23న అమల్లోకి వచ్చిన 'పబ్లిక్ చార్జ్' నియమం (గ్రీన్ కార్డు కోరేవారు బతకడానికి ప్రధానంగా ప్రభుత్వం మీదే ఆధారపడతారా అని చూసే పరీక్ష) చూసేది దరఖాస్తుదారు సొంతంగా పొందిన సాయాన్నే. ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులు, వికలాంగులకు ఇచ్చేది), టానెఫ్ (పేద కుటుంబాలకు ఇచ్చేది) వంటి నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో నర్సింగ్ హోంలో దీర్ఘకాలం ఉండటం లెక్కలోకి వస్తాయి. ఫుడ్ స్టాంపులు, విక్ (తల్లులు, చిన్నపిల్లలకు పోషకాహార సాయం), చిప్ (పిల్లల ఆరోగ్య బీమా), స్కూలు భోజనం, మామూలు మెడికెయిడ్ రావు. శరణార్థులకు ఈ పరీక్షే లేదు.

గ్రీన్ కార్డు దరఖాస్తు అయిన ఐ-485 ఫారంలో కుటుంబ సభ్యుల సంఖ్య, ఆదాయం, ఆస్తులు, అప్పులు అడుగుతారు. నగదు సాయం ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు: పిల్లల పేరున వచ్చింది తమదిగా రాసేస్తారు. మీ పేరున వచ్చిందే రాయండి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎంత వచ్చిందో ఆ ఆఫీసు నుంచి లెటర్ తీసుకుని జతచేయండి. వచ్చిన సాయాన్ని దాచడం అసలు సాయం కన్నా పెద్ద చిక్కు.

అమ్మానాన్నలను స్పాన్సర్ చేస్తుంటే ఐ-864లో (స్పాన్సర్ ఇచ్చే ఆర్థిక హామీ పత్రం) మీ ఆదాయం కనీసం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌ను (మీతోపాటు హామీ ఇచ్చే మరో వ్యక్తిని) ముందే మాట్లాడుకోండి.

2022 నియమాన్ని రద్దు చేయాలని 2025 నవంబరులో ప్రతిపాదన వచ్చింది. కాబట్టి ఫైల్ చేసే వారం యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) సైటులో తాజా నియమం, ఫారం ఎడిషన్ తేదీ చూసుకోండి. నగదు సాయం తీసుకుని ఉంటే ఇమిగ్రేషన్ లాయరును కలవండి.