గీజరు గ్యాస్ తాగేస్తోందా? ముందు బండని కాటా మీద పెట్టండి

ఒడిశా కొండల మీద కోరాపుట్, సిమిలిగుడ, సునాబెడ వైపు కార్తీకం దాటిందంటే గ్యాస్ గీజరు మెకానిక్‌కి తీరిక ఉండదు. అందరిదీ ఒకటే ఫిర్యాదు: "వేసంగిలో రెండు నెలలు వచ్చిన బండ ఇప్పుడు నెలకే అయిపోతోంది, గీజరు పాడైంది." పదింట ఏడెనిమిది ఇళ్ళలో గీజరుకి ఏమీ కాదు. గీజరు విప్పేముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ చెయ్యరు. అదే బండ తూకం.

బండ పైన చేతితో పట్టుకునే రింగుకి ఆనుకుని ఉన్న పట్టీల మీద ఖాళీ బండ బరువు రాసి ఉంటుంది. సాధారణంగా 15, 16 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, ఒక్కో బండకి ఒక్కోలా. తూకంలోంచి అది తీసేస్తే మిగిలేది గ్యాస్. కొత్త బండలో 14.2 కిలోలు ఉండాలి. తెచ్చిన కుర్రాణ్ణి అక్కడే తూచి ఇమ్మనండి, అడిగే హక్కు మీకుంది. ఇంట్లో వేలాడే స్ప్రింగు కాటా ఒకటి ఉంటే మంచిది. లేకపోతే వీధి చివర బియ్యం కొట్టువాడి కాటా చాలు. తగిలించిన రోజు తూకం, వారం తర్వాత తూకం గోడ మీద రాసుకోండి. బుక్ చేసిన తేదీ నుంచి బుక్ చేసిన తేదీకి లెక్కేసేవాళ్ళకి ఎప్పటికీ నిజం తెలియదు. రెండు బండలున్న ఇంట్లోనైతే అసలు తెలియదు.

ఎంత ఖర్చవ్వాలో ముందు లెక్క

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి ఒక కిలోకేలరీ కావాలి. కిలో ఎల్పీజీలో సుమారు 10,900 కిలోకేలరీలుంటాయి. గీజరు గొట్టంలోంచి పైకి పోయేది పోగా నీళ్ళలోకి చేరేది 8,700 అనుకుందాం.

పుష్యమాసం పొద్దున సిమిలిగుడలో ట్యాంకు నీళ్ళు 14 డిగ్రీలు ఉన్నాయనుకోండి. స్నానానికి 42 కావాలి. 28 డిగ్రీలు పెంచాలి. 20 లీటర్ల బకెట్‌కి 560 కిలోకేలరీలు, అంటే 64 గ్రాముల గ్యాస్. బండకి 220 బకెట్లు. నలుగురు తలా ఒక బకెట్ పోసుకుంటే గీజరుకే వాడే బండ 55 రోజులు రావాలి. బండ 900 రూపాయలనుకుంటే బకెట్ నాలుగు రూపాయలు పైచిలుకు.

అదే పర్లాకిమిడిలో ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీలుంటే పెంచాల్సింది 20 డిగ్రీలే. బకెట్‌కి 46 గ్రాములు, బండకి 300 దాటి బకెట్లు. కాబట్టి కింద ఊళ్ళో ఉన్న మీ చెల్లెలి ఇంటి బండతో మీ బండని పోల్చకండి. ఇద్దరూ ఒకే గీజరు కొన్నా మీకు 40 శాతం ఎక్కువ కాలుతుంది. అది గీజరు తప్పు కాదు, కొండ మీద చలి.

షవర్ అలవాటున్న ఇంట్లో లెక్క వేరు. '6 లీటర్ల గీజరు' అంటే 25 డిగ్రీలు పెంచి నిమిషానికి 6 లీటర్లు ఇచ్చేది. అది నిండుగా మండితే నిమిషానికి 17 గ్రాములు, గంటకి కిలో పైన. పది నిమిషాల షవర్ 170 గ్రాములు, దాదాపు మూడు బకెట్లు. కాలేజీ పిల్లలు సెలవులకి ఇంటికొచ్చిన నెలలో బండ తొందరగా అయిపోతే మెకానిక్‌ని పిలవక్కర్లేదు.

వారం తూకంలో తగ్గిన గ్రాముల్ని బకెట్ల సంఖ్యతో భాగించండి. బకెట్‌కి 60, 70 గ్రాముల మధ్య వస్తే గీజరు బాగానే ఉంది. 90 దాటితేనే వెతకాలి.

బండ అయిపోయిందనిపిస్తుంది, అవ్వదు

ఎంత అనుభవం ఉన్నవాణ్ణయినా బోల్తా కొట్టించే కారణం ఇదే.

లక్షణం: మొదటి ఇద్దరి స్నానాలు బాగానే అవుతాయి. మూడోవాళ్ళ వంతుకి మంట కుదించుకుపోతుంది, నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి, నాలుగోవాళ్ళకి గీజరు టకటకమంటుందే తప్ప అంటుకోదు. ఇంటాయన "బండ అయిపోయింది" అని కొత్తది తగిలిస్తాడు. వెంటనే నిండు మంట. ఇంకేం, అనుమానం తీరిపోయింది. ఇక్కడే మోసం. కొత్త బండతో మండింది కాబట్టి పాతది ఖాళీ అని కాదు అర్థం. ఆ పాత బండని తూచి చూడండి, కిలోన్నర, ఒక్కోసారి రెండు కిలోలు కూడా లోపలే ఉంటుంది. అది అలాగే ఏజెన్సీకి వెనక్కి పోతుంది. డబ్బు మీది.

కారణం: బండలో ఉన్నది ద్రవం. గీజరు లాగేది ఆవిరి. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని అది తన నుంచీ బండ ఇనుము నుంచీ తీసుకుంటుంది. వంట పొయ్యి గంటకి వంద, రెండొందల గ్రాములు లాగితే చుట్టూ ఉన్న గాలి ఆ వేడిని భర్తీ చేసేస్తుంది. గీజరు గంటకి కిలో చొప్పున లాగుతుంటే గాలి అందించలేదు, బండ చల్లబడిపోతుంది. అరగంటలో అర కిలో ఆవిరైతే, పది కిలోలున్న బండ ఐదారు డిగ్రీలు చల్లబడుతుంది. రెండు కిలోలే మిగిలిన బండ పదిహేను డిగ్రీల దాకా పడిపోతుంది, ఎందుకంటే వేడి ఇవ్వడానికి లోపల సరుకు తక్కువ. తెల్లవారుజామున 10, 12 డిగ్రీల దగ్గర మొదలైన బండ అలా సున్నా దిగువకి వెళుతుంది. ఎల్పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. ప్రొపేన్ ముందు పోతుంది, అడుగున మిగిలేది ఎక్కువగా బ్యూటేన్. బ్యూటేన్ మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబడితే రెగ్యులేటర్‌కి ఒత్తిడి అందదు. అందుకే ఈ గొడవ వేసంగిలో కనపడదు, నిండు బండతో కనపడదు, ఒక్క స్నానంతో కనపడదు.

నిర్ధారణ సులువు. గీజరు నీరసించినప్పుడు బండ కిందిభాగం మీద చెయ్యి పెట్టండి. ద్రవం ఉన్న ఎత్తు దాకా చెమట పట్టి, మరీ చలిగా ఉంటే తెల్లటి మంచు పొర కట్టి ఉంటుంది. ఖాళీ బండకి చెమట పట్టదు. అరగంట ఆగి మళ్ళీ తిప్పండి, అంటుకుంటే బండలో గ్యాస్ ఉన్నట్టే. ఒక్క తేడా గమనించండి. చాలా గీజర్లలో 20 నిమిషాల టైమరు ఉంటుంది. మంట నిండుగా ఉండగానే 20 నిమిషాలకి ఠక్కున ఆగి, కుళాయి కట్టేసి తిప్పగానే మళ్ళీ వెలిగితే అది టైమరు. నీరసంగా చచ్చిపోతే బండ.

పరిష్కారం: మూడు కిలోలకి దిగగానే ఆ బండని వంటింటికి మార్చండి, వంటింట్లో ఉన్న నిండు బండని గీజరుకి ఇవ్వండి. పొయ్యి చివరి గ్రాము దాకా తాగుతుంది. రెండు బండల కనెక్షన్ ఉన్నవాళ్ళకి ఇంతకు మించిన మందు లేదు. ఒకటే బండ ఉంటే, అది అడుగంటే వారం రోజులు ఇద్దరి స్నానం తర్వాత అరగంట విరామం ఇవ్వండి, లేదా సగం మంది ఎండెక్కాక పోసుకోండి.

చెయ్యకూడనివి చాలామంది చేస్తున్నారు. గోనెసంచో దుప్పటో చుట్టడం మొదటిది. బండ తనంతట తాను వేడిగా ఉండే వస్తువు కాదు, బయటి గాలి నుంచి వేడి తెచ్చుకోవాలి. దుప్పటి కప్పితే ఆ దారి మూసినట్టే, ఇంకా తొందరగా నీరసిస్తుంది. పడుకోబెట్టడం, తలకిందులు చెయ్యడం రెండోది. రెగ్యులేటర్‌లోకి ద్రవం దూరి మంట ఒక్కసారి ఎగజిమ్ముతుంది. మరిగే నీళ్ళు పొయ్యడం, పక్కన కుంపటి పెట్టడం గురించి చెప్పక్కర్లేదనుకుంటాం. కానీ చేసేవాళ్ళున్నారు. వద్దు.

లెక్కలో దీని విలువ: కిలోన్నర వదిలేస్తే మీరు 900 పెట్టి కొన్నది 12.7 కిలోలే. 220 బకెట్లు రావాల్సినచోట 197.

ఎవరూ వాడకుండానే గీజరు వెలుగుతోంది

బకెట్ లెక్క 90 దాటిందంటే ముందు దీన్ని చూడండి. ఇంట్లో ఎవరూ వేడినీళ్ళు తిప్పలేదు, వంటింట్లో మాత్రం చన్నీళ్ళ కుళాయి తిప్పారు, అయినా గీజరు భగ్గుమంది. కారణం బాత్‌రూమ్ మిక్సర్ దగ్గర ఉంటుంది. చేతి షవర్ చివర నొక్కుడు మీట పెట్టించుకుని, నీళ్ళు అక్కడే ఆపేసి, మిక్సర్ వేడి, చల్ల రెండు పిడులూ తెరిచి వదిలేస్తారు. అప్పుడు రెండు పైపులూ మిక్సర్‌లో కలిసిపోతాయి. వేరేచోట చన్నీళ్ళు తిప్పితే కొంత నీరు గీజరు గుండా తిరిగి ఆ దారిన వస్తుంది. గీజరుకి మనిషెవరో తెలియదు, నీరు కదిలితే వెలుగుతుంది.

రెండు పిడులూ పూర్తిగా కట్టేసి వంటింటి కుళాయి తిప్పండి. గీజరు ఊరుకుంటే దొంగ దొరికినట్టే. పిల్లలకి చెప్పి మాన్పించలేకపోతే మిక్సర్‌కి వచ్చే రెండు పైపులకీ నాన్-రిటర్న్ వాల్వు (నీటిని వెనక్కి పోనివ్వనిది) చెరొకటి వేయించండి. వాల్వు మీద బాణం గుర్తు మిక్సర్ వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే చుక్క రాదు.

మిగతావి

మంట పసుపు రంగులో ఉంటే ఖర్చు సంగతి తర్వాత, గీజరు వెంటనే ఆపండి. గాలి రంధ్రాల్లో సాలెగూడో, రాగి రెక్కల్లో మసో ఉంది. సరిగా కాలని గ్యాస్ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతుంది, దానికి వాసన ఉండదు. గీజరు బాత్‌రూమ్ లోపల ఉంటే మంట నీలంగా ఉన్నా సరే బయట గోడకి మార్పించండి. ఈ ఒక్కదాంట్లో బేరం లేదు. చలికని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టేవాళ్ళు మరీ ముఖ్యంగా.

లీకు అనుమానం ఉంటే సబ్బునీళ్ళు రాయండి, అగ్గిపుల్ల కాదు. వాసన వస్తుంటే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చెయ్యండి. నారింజ రంగు ట్యూబు ఐదేళ్ళకి మార్చాలి.

గీజరు వేడి తగ్గించి పెడితే ఆదా అవుతుందా? మరిగించి చన్నీళ్ళు కలిపినా, నేరుగా 42కి పెట్టుకున్నా బకెట్‌లోకి చేరే వేడి ఒకటే, తేడా నామమాత్రం. బకెట్లో నీళ్ళు తగ్గితేనే గ్యాస్ తగ్గుతుంది.

లోపల గార పట్టడం: మంట నీలంగా నిండుగా ఉండి, ధార మునుపటంతే ఉండి, వేడి మాత్రం తగ్గితేనే అనుమానించండి. బోరు నీళ్ళ ఇళ్ళలో ఉండొచ్చు, మెకానిక్ గంటలో కడిగేస్తాడు. బ్యాటరీలు బలహీనపడితే వెలగదు అంతే, గ్యాస్ ఎక్కువ కాలదు. కొండ ఎత్తు వల్ల గ్యాస్ పనిచెయ్యదన్న మాట కోరాపుట్ ఎత్తుకి వర్తించదు.

తూకం తక్కువ బండ వచ్చిందనే ఫిర్యాదు మాత్రం తగిలించాక చేస్తే ఎవరూ వినరు. సీలు తీయకముందు, కుర్రాడు గుమ్మంలో ఉండగానే తూచాలి.